స్కూబా సరంజామాతో విమాన ప్రయాణం



మన పిల్లల్లో ఈ మధ్య స్కూబా నేర్చుకుంటున్న వాళ్ళు కనిపిస్తున్నారు. నాకు తెలిసిన నాలుగైదు ఇళ్ళల్లోనే హైస్కూలు పిల్లలు సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు ఫోన్ చేసి అడిగేది ఒకటే ప్రశ్న: "సెలవలకి ఇండియా వెళ్తున్నామండీ, పనిలోపని అండమాన్ కూడా చూసొద్దామనుకుంటున్నాం. వీడి సామానంతా విమానంలో ఎలా తీసుకెళ్ళాలి? అసలు తీసుకెళ్ళాలా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు రేడియోలోనే చెప్పేస్తే నలుగురికీ పనికొస్తుందనిపించింది.

నేను హ్యూస్టన్‌లో ఉంటాను. నీళ్ళల్లోకి దిగడం మొదలుపెట్టి పద్నాలుగేళ్ళయింది. మేము తరచు వెళ్ళేది మెక్సికోలోని కోజుమెల్ దీవికి, మాకు అదే దగ్గర. మా పెద్దమ్మాయి నాతో దిగుతుంది. మా ఇంట్లో మిగతా వాళ్ళు ఒడ్డున గొడుగు కింద కూర్చుని పుస్తకాలు చదువుకునే రకం. సామాను మోసే బాధ్యత మాత్రం అందరిదీ.

మామూలు ప్రయాణంలో చొక్కా చిరిగినా, చెప్పు తెగినా ఊళ్ళో ఇంకోటి కొనుక్కుంటాం. ఈ సామాను అలాంటిది కాదు. పద్దెనిమిది మీటర్ల లోతున పిల్లవాడు పీల్చే ప్రతి గుక్కా ఒక రబ్బరు గొట్టంలోంచి వస్తుంది. సిలిండర్‌లో 200 బార్ పీడనంతో ఉన్న గాలిని రెగ్యులేటర్ మొదటి దశ సుమారు పది బార్లకి దించుతుంది, నోట్లో పెట్టుకునే రెండో దశ దాన్ని పీల్చుకోవడానికి అనువుగా మార్చి ఇస్తుంది. పెట్టెలో ఎవరైనా దానిమీద ఇరవై కిలోల బరువు పడేస్తే ఏమవుతుందో ఆలోచించండి. కనపడేలా విరిగితే ఫరవాలేదు, వాడం కదా. కనపడకుండా పగిలితేనే కష్టం. అంచేత, సర్దడం కూడా ఆ విద్యలో భాగమే అనుకోండి.

ముందు అసలు ఏం తీసుకెళ్ళాలి అన్న సంగతి. సిలిండరూ, నడుముకి కట్టుకునే సీసపు బరువులూ వద్దు. అవి ఎక్కడికి వెళ్ళినా డైవింగ్ వాళ్ళే ఇస్తారు. అందరూ వాడే అల్యూమినియం సిలిండర్ ఖాళీగానే పద్నాలుగు కిలోలు తూగుతుంది. తీసుకెళ్ళి తీరాల్సిందే అంటే, అమెరికా విమానాశ్రయాల్లో వాల్వు పూర్తిగా విప్పేసి లోపల ఏమీ లేదని కంటికి కనపడేలా ఉంటే తప్ప ఒప్పుకోరు. ఆ వాల్వు వాళ్ళు విప్పరు, మనమే విప్పి తీసుకెళ్ళాలి. మళ్ళీ బిగించి పరీక్ష చేయించడం ఇంకో తలనొప్పి. సెలవలకి వెళ్ళేవాళ్ళకి ఆ యావ అనవసరం.

మిగతా వాటికి నా వరస ఇదీ: మొదట మాస్కు, తరవాత డైవ్ కంప్యూటర్, ఆ తరవాత రెగ్యులేటర్. ఈ మూడూ సొంతవి ఉంటే చాలా మటుకు నిశ్చింతగా ఉండొచ్చు. మాస్కు ఒక్కొక్క ముఖానికి ఒక్కో రకంగా పడుతుంది. అద్దె మాస్కులోకి నీళ్ళు కారుతుంటే, కొత్తగా నేర్చుకున్న పిల్లలు కంగారు పడేది సరిగ్గా అక్కడే. కంప్యూటర్ ఎందుకంటే, మన ఒంట్లో ఎంత నత్రజని చేరిందన్న లెక్క అది నిన్నటి నుంచీ కట్టుకుంటూ వస్తుంది. ఇవాళ ఒకటీ రేపు ఇంకోటీ అద్దెకి తీసుకుంటే ఆ లెక్క తెగిపోతుంది. తండ్రీ కొడుకులు ఒకే కంప్యూటర్ మార్చి మార్చి పెట్టుకోవడం కూడా అందుకే కూడదు. బీసీడీ అనే గాలి జాకెట్టూ, వెట్‌సూటూ, ఫిన్సూ మీ ఇష్టం. సంవత్సరానికి ఒక్కసారి వెళ్ళేవాళ్ళయితే అద్దెకి తీసుకోమనే నేను చెప్తాను. మామూలు బీసీడీ ఒకటి మూడున్నర, నాలుగు కిలోలుంటుంది. ప్రయాణాల కోసమని చేసే తేలికపాటివి రెండు, రెండున్నర కిలోలకి దొరుకుతాయి గానీ ధర ఎక్కువ.

ఆ మొదటి మూడూ ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి. మూడేళ్ళ కింద కోజుమెల్ వెళ్ళినప్పుడు మా పెద్ద పెట్టె రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. విమానం వాళ్ళు క్షమించమన్నారు, ఒక కాగితం ఇచ్చారు, అంతే. మాస్కులూ, కంప్యూటర్లూ, రెగ్యులేటర్లూ మా దగ్గరే ఉన్నాయి గనక జాకెట్లూ, ఫిన్సూ అద్దెకి తీసుకుని మర్నాడు పొద్దున్నే నీళ్ళల్లో ఉన్నాం. అదే విమానంలో వచ్చిన ఇంకో కుటుంబం సామానంతా పెద్ద పెట్టెల్లోనే పెట్టుకుంది. వాళ్ళ అమ్మాయి కంటిచూపుకి తగ్గట్టు నంబరు అద్దాలు వేయించుకున్న మాస్కు కూడా అందులోనే ఉండిపోయింది. ఆ పిల్ల రెండు రోజులు పడవలో కూర్చుని మా వైపు చూస్తూ గడిపింది.

రెగ్యులేటర్ సర్దడం గురించి కాస్త నిదానంగా చెప్తాను. మొదటి దశ ఇత్తడి ముక్క, బరువుగా ఉంటుంది. దాని మూతని డస్ట్ క్యాప్ అంటారు. ఆ మూతా, లోపలి జల్లెడా పొడిగా ఉన్నాయో లేదో చూసి మూత బిగించండి. గొట్టాలని వెడల్పుగా చుట్టలు చుట్టండి, మన ఇళ్ళల్లో తోటకి నీళ్ళు పెట్టే గొట్టం చుట్టినట్టు. గొట్టం చాలా మటుకు మధ్యలో కాదు, లోహపు కొసకి రబ్బరు కలిసే చోట పాడవుతుంది. అక్కడ మడత పడిందా, కొన్నాళ్ళకి సన్నటి పగుళ్ళు వస్తాయి. గొట్టం కొసలకి తొడిగే రబ్బరు తొడుగులు ఉంటాయి చూడండి, అవి మంచివే గానీ కింద ఏం జరుగుతోందో కనపడనివ్వవు. ప్రయాణానికి ముందోసారీ, దిగాక ఓసారీ ఆ తొడుగు వెనక్కి జరిపి చూడండి. నాతో డైవింగ్‌కి వచ్చే ఒకాయన ఇలాగే పడవ ఎక్కేముందు జరిపి చూస్తే, గొట్టం చుట్టూ సన్న వెంట్రుకలా గీత కనపడింది. వేలితో వంచగానే నోరు తెరుచుకుంది. ఆయన దగ్గర అదనపు గొట్టం ఉంది, పది నిమిషాల్లో మార్చుకున్నాడు. అది పదిహేను మీటర్ల దగ్గర తెరుచుకుని ఉంటే ఏమయ్యేదో ఆ రోజు పడవలో ఎవరం పైకి అనలేదు.

రెండో దశలు రెండూ బరువు కింద పడకుండా మెత్తటి సంచిలో పైకి ఉండాలి. వాటి మీట నొక్కుకుపోయి ఉండకూడదు. రెగ్యులేటర్ సంచి కొనకపోయినా ఫరవాలేదు, మందపాటి తువ్వాలు రెండు చుట్లు చుట్టినా అదే పని చేస్తుంది.

ఇంకో మాట. సర్వీసింగ్‌కి ఇచ్చి, షాపు నుంచి తెచ్చుకుని, తిన్నగా విమానం ఎక్కకండి. నెల ముందే చేయించి, ఏదైనా ఈతకొలనులో ఒకసారి వాడి చూసుకోండి. విప్పి బిగించిన యంత్రానికి ఆ మొదటి గంటలోనే ఏదైనా తేడా ఉంటే బయటపడుతుంది. అది అండమాన్‌లో బయటపడటం కంటే మీ ఊళ్ళో బయటపడటం మేలు.

మాస్కుకి గట్టి ప్లాస్టిక్ డబ్బా తప్పనిసరి. సిలికోన్ అంచు రెండు రోజులు ఒక పక్కకి నొక్కుకుని ఉంటే ఆ వంకర అలాగే ఉండిపోతుంది. తెల్లటి సిలికోన్‌ని నల్ల రబ్బరుకి ఆనించి పెడితే రంగు అంటుకుంటుంది, అది పోదు. ఫిన్స్ అయితే పెట్టెకి రెండు పక్కలా గోడల్లా నిలబెట్టండి. వాటి మడమ దగ్గరుండే అచ్చుల్ని తీసెయ్యకండి, ఆకారం పోకుండా ఉండటానికే అవి. మధ్యలో చుట్టచుట్టిన వెట్‌సూట్ పరిచి మిగతా గట్టి వస్తువులు దానిమీద పెడితే వేరే పరుపు అక్కర్లేదు. వెట్‌సూట్ ఇస్త్రీ చీరలా మడిచి పెడితే ఆ మడత దగ్గర నురుగు అణిగిపోయి చలి ఆపదు. చుట్టడమే సరైనది. బీసీడీలో గాలి పూర్తిగా తీసెయ్యాలి.

పెట్టె పైన డైవింగ్ కంపెనీ బొమ్మలున్న పెద్ద సంచులు అమ్ముతారు. నాకు అవి నచ్చవు. లోపల ఖరీదైన సామానుందని దారి పొడుగునా చాటింపు వేసినట్టు ఉంటుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న పాత సూట్‌కేసుని ఎవరూ పట్టించుకోరు. ఇంకా, భద్రతా సిబ్బంది పెట్టె తెరిచి చూస్తారన్నది ఖాయం అనుకునే సర్దండి. చిన్న వస్తువులు పారదర్శకంగా ఉండే సంచుల్లో వేసి, సామాను జాబితా ఒక కాగితం మీద రాసి పైన పెడితే, తెరిచినవాళ్ళు మళ్ళీ ఉన్నచోటే పెట్టడానికి వీలుంటుంది.

చేతి సంచిలో రెగ్యులేటర్ ఎక్స్-రేలో కనపడితే ఆపి అడుగుతారు. అడగనివ్వండి. నిషేధం ఏమీ లేదు. హైదరాబాదులో ఒకావిడ మా అమ్మాయి సంచి తెరిపించారు.

"ఏంటమ్మా ఈ గొట్టాలు?"

"సముద్రంలో గాలి పీల్చుకునే పరికరమండీ."

"మరి సిలిండర్ ఏదీ?"

"అది అక్కడే ఇస్తారండీ."

"ఈత వచ్చా నీకు?" అని అడిగి, వచ్చంటే నవ్వి పంపించేశారు. ఫోన్‌లో డైవింగ్ ఫొటో ఒకటి ఉంచుకుంటే ఇలాంటప్పుడు మాటలు ఇంకా తగ్గుతాయి. కత్తి మాత్రం, ఎంత చిన్నదైనా, ఒరలో పెట్టి పెద్ద పెట్టెలోనే వెయ్యాలి.

ఇప్పుడు బ్యాటరీల సంగతి. ఇందులో వాదన లేదు. లితియం బ్యాటరీలు విడిగా ఉన్నవన్నీ చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో ఒక్కటి కూడా ఉండకూడదు. నిప్పు అంటుకుంటే కేబిన్‌లో ఎవరో ఒకరు చూస్తారు, నీళ్ళు పోస్తారు. కింద సామాను గదిలో మంటలార్పే వాయువు ఉంటుంది గానీ, లితియం బ్యాటరీ తనలోంచి తానే వేడెక్కుతుంటే దాన్ని అది ఆపలేదు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఒక విమానం ఇంకా నేల మీద ఉండగానే తగలబడింది. పవర్ బ్యాంకు వల్ల కావచ్చని దర్యాప్తు చేసినవాళ్ళు చెప్పారు. అందరూ దిగగలిగారు, అది అదృష్టం.

లెక్క కట్టడం తేలికే. వోల్టులని ఆంపియర్-గంటలతో గుణిస్తే వాట్-గంటలొస్తాయి. డైవ్ లైట్లలో వేసే మామూలు బ్యాటరీ 3.7 వోల్టులు, 3.4 ఆంపియర్-గంటలు ఉందనుకోండి, పన్నెండున్నర వాట్-గంటలు. వంద వరకూ ఎవరి అనుమతీ అక్కర్లేదు. వంద నుంచి నూట అరవై దాకా విమానం వాళ్ళ అనుమతి కావాలి, అదీ అదనపువి రెండే. ఆపైన ప్రయాణికుల సామానులో ఒప్పుకోరు. ఒక్కో బ్యాటరీనీ విడి డబ్బాలో పెట్టండి, లేదా కొసలకి టేపు అంటించండి. డైవ్ లైట్‌లోంచి బ్యాటరీ తీసేసే ప్రయాణం చెయ్యాలి. ఈ లైట్లు నీళ్ళల్లో చల్లబడుతూ వెలగడానికి చేసినవి. సంచిలో స్విచ్చి పొరపాటున నొక్కుకుంటే బట్టలు కాలేంత వేడెక్కుతాయి.

కెమెరా పెట్టె ఉన్నవాళ్ళకి చిన్న సూచన. నేలమీద బిగించి మూసిన పెట్టె విమానం పైకెళ్ళాక బయట పీడనం తగ్గేసరికి లోపల్నుంచి ఒత్తుకుంటుంది. దాని పెద్ద ఓ-రింగు తీసి చిన్న సంచిలో వేసుకుని, పెట్టెని వదులుగా మూసి తీసుకెళ్ళండి. వెట్‌సూట్ అతికించే జిగురు మండే పదార్థం, అది రెండు చోట్లా నిషిద్ధం, ఇంట్లోనే వదిలెయ్యండి.

ఇండియా వెళ్ళేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. నీళ్ళల్లో దారి తప్పితే ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరాలు ఇక్కడ కొందరు డైవర్లూ, కొండలెక్కేవాళ్ళూ దగ్గర పెట్టుకుంటారు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లూ, ఇలాంటి పరికరాలూ ఇండియాలోకి తేవడం నేరం. విమానాశ్రయాల్లో విదేశీ యాత్రికులని ఆపి కేసులు పెట్టిన సంఘటనలు 2024, 2025లో వార్తల్లో వచ్చాయి. అవి మీ సంచిలో మర్చిపోయి ఉన్నాయేమో ఒకసారి వెతికి చూసుకోండి. నీటిపైన మనిషిని గుర్తుపట్టడానికి నోటితో ఊదే నారింజ రంగు గొట్టం బెలూనూ, ఒక ఈలా చాలు.

ఇక బరువు. ఇక్కడినుంచి వెళ్ళేటప్పుడు మామూలుగా ఇరవైమూడేసి కిలోల పెట్టెలు రెండు ఇస్తారు గనక ఎవరికీ ఇబ్బంది తెలియదు. హైదరాబాదు నుంచో చెన్నై నుంచో పోర్ట్ బ్లెయిర్‌కి విడిగా టికెట్ కొన్నప్పుడు తెలుస్తుంది. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, టికెట్ వెతికేటప్పుడు రెండు పేర్లూ చూడండి. దేశీయ విమానాల్లో ఎకానమీలో సాధారణంగా మనిషికి పదిహేను కిలోలు, చేతి సంచికి ఏడు కిలోలు. అంతే. చేతి సంచిని కూడా తూస్తారు. అదనపు బరువుకి ముందే ఆన్‌లైన్‌లో కట్టేస్తే కౌంటర్ దగ్గర కట్టేదానికంటే తక్కువ పడుతుంది. మేము చేసేదేమంటే, పెద్ద సామాను రాజమండ్రిలో మా అమ్మ దగ్గర వదిలేసి, మనిషికి ఒక పెట్టెతో బయల్దేరతాం. చేతి సంచిలో రెగ్యులేటర్, మాస్కు, కంప్యూటర్, బ్యాటరీలూ అన్నీ కలిపి నాలుగు కిలోల పైచిలుకు. మిగిలిన రెండున్నర కిలోల్లో ఒక జత బట్టలూ, మందులూ. అక్కడ నీళ్ళు వెచ్చగా ఇరవైఏడు, ఇరవైతొమ్మిది డిగ్రీలుంటాయి గనక మూడు మిల్లీమీటర్ల సూటు సరిపోతుంది. మందపాటి సూటు మోసుకెళ్ళడం దండగ. బయల్దేరే ముందే అక్కడి డైవింగ్ వాళ్ళకి మెయిల్ రాసి, సిలిండర్‌కి యోక్ బిగింపా, డిన్ బిగింపా అని అడగండి. మీది డిన్ అయితే అడాప్టర్ ఒకటి పెట్టుకోండి, గుప్పెడంత ఉంటుంది. దాంతోపాటు అదనంగా ఒక మౌత్‌పీసు, నాలుగు జిప్ టైలు, ఓ-రింగులు, మాస్కు పట్టీ. ఈ పొట్లం పెద్ద బరువుండదు గానీ, డైవ్ పోయేది ఎప్పుడూ ఇలాంటి పావలా వస్తువు వల్లే.

అమెరికా తిరిగొచ్చేటప్పుడు కొత్తగా మెరుస్తున్న సామాను చూసి కస్టమ్స్ వాళ్ళు ఎక్కడ కొన్నారని అడగొచ్చు. ఖరీదైన వాటి సీరియల్ నంబర్లతో 4457 అనే ఫారం వెళ్ళేముందే కస్టమ్స్ ఆఫీసులో ముద్ర వేయించుకోవచ్చు. డబ్బేమీ అక్కర్లేదు. అది లేకపోయినా రసీదులు ఫోన్‌లో ఉంటే చాలు.

తిరుగు ప్రయాణం గురించి ఇంకా ముఖ్యమైనది ఉంది. డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. కేబిన్‌లో పీడనం ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, ఒంట్లో మిగిలిన నత్రజని బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పులతో మొదలై పక్షవాతం దాకా వెళ్ళొచ్చు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్పే లెక్క ప్రకారం ఒకే ఒక్క మామూలు డైవ్ తరవాత కనీసం పన్నెండు గంటలు, రోజుల తరబడి చేసినప్పుడు కనీసం పద్దెనిమిది గంటలు ఆగాలి. నేను ఇరవైనాలుగు పెట్టుకుంటాను. టికెట్ చవగ్గా వస్తోందని ఆఖరి రోజు పొద్దున్న డైవూ, సాయంత్రం విమానమూ పెట్టేవాళ్ళున్నారు. పిల్లలు "ఇంకొక్కటి నాన్నా" అని బతిమాలతారు. కాదనండి.

ఆ ఖాళీ రోజే సామాను ఆరే రోజు. మంచినీళ్ళ తొట్టిలో అన్నీ నానబెట్టండి. రెగ్యులేటర్‌కి డస్ట్ క్యాప్ బిగించాకే ముంచాలి, నీళ్ళల్లో ఉండగా రెండో దశ మీది బటన్ నొక్కకూడదు. నొక్కితే నీళ్ళు గొట్టంలోంచి మొదటి దశలోకి పాకుతాయి. బీసీడీ లోపలికి కూడా మంచినీళ్ళు పోసి, కుదిపి, తలకిందులు చేసి పారబొయ్యండి. ఉప్పునీరు లోపల ఎండితే స్ఫటికాలై సంచిని కోస్తుంది. నీడలో, గాలికి వేలాడదియ్యండి. తడి వెట్‌సూటుతో పెట్టె రెండు కిలోలు ఎక్కువ తూగుతుంది, ఇల్లు చేరేసరికి ఆ వాసనకి పక్కింటివాళ్ళు కూడా వచ్చి అడుగుతారు.

చివరగా ఆవకాయ. పోయినసారి రాజమండ్రిలో తిరుగు ప్రయాణానికి సర్దుతుంటే మా అమ్మ రెండు కిలోల జాడీ తెచ్చి ఫిన్స్ మధ్య ఇరికించబోయింది. "ఈ గొట్టాలకి చోటుంది గానీ పచ్చడికి లేదా?" అంది. చోటుంది గానీ వేరే పెట్టెలో పెట్టాం, మూడు పొరల కవరు చుట్టి. సిలికోన్‌కి వాసన పట్టిందంటే ఒక పట్టాన వదలదు. నూనె కలిసిన ఇంగువ వాసనొచ్చే మౌత్‌పీసుతో నలభై నిమిషాలు నీటి కింద గడపడం నాకైతే ఇష్టమే గానీ మా అమ్మాయికి కాదు. పైగా ఆక్సిజన్ పాలు ఎక్కువగా ఉన్న గాలి వాడే పరికరాలకి నూనె తగలడం నిజంగా ప్రమాదం, మంట పుట్టొచ్చు. అంచేత పచ్చళ్ళూ, నూనెలూ, నెయ్యీ ఒక పెట్టె. రెగ్యులేటర్ మీ చేతిలో.

వచ్చేవారం ఇదే సమయానికి కలుద్దాం.